టక్ టక్ అన్న జవాబు

ఫోన్ మోగేసరికి ఆమె చేతులు మోచేతుల దాకా సబ్బు నురుగులో ఉన్నాయి. భర్త ఫోన్ తెచ్చి ఆమె చెవికి ఆనించి పట్టుకున్నాడు. పెళ్ళై నలభై రోజులే. అంత దగ్గరగా నిలబడటానికి ఓ వంక దొరికితే అతనికి అదే సంబరం.

"జీపమ్మా, బతికిపోయావ్!" అన్నాడు అవతలి నుంచి ఆమె పై అధికారి. "రిపోర్టు వచ్చేసింది. నీ తప్పేం లేదన్నారు. ఎల్లుండి నుంచి జీపెక్కు."

విమానాశ్రయంలో రన్‌వే తనిఖీ జీపు నడిపేది ఆమె. తారు మీద పడ్డ రాయీ రప్పా, ఊడిన మేకులూ, చచ్చిన పిట్టలూ ఏరడం ఆమె పని. అందుకే అక్కడ అందరికీ ఆమె జీపమ్మ. పన్నెండు రోజులుగా ఆ జీపు తాళం ఆమె చేతికివ్వడం లేదు.

"మరి తప్పెవరిదన్నారు సార్?"

"రేడియోది కొంత, టవర్‌ది కొంత. ఆగమన్న మాట నీకు వినబడలేదని రాశావుగా, సెట్టు కూడా పాతదేనని తేలింది. నువ్వు తిరిగి చెప్పకుండానే నీకు చేరిందనుకున్నందుకు టవర్‌లో మీతో మాట్లాడే ఆవిణ్ణి మైకు దగ్గర్నుంచి తీసేశారు. పాపం, పద్దెనిమిదేళ్ళ సర్వీసు. సరేగానీ, పార్టీ ఎప్పుడు?"

భర్త ఆమెను నురుగు చేతులతోనే గిర్రున ఓ చుట్టు తిప్పాడు. "అమ్మాయిగారూ! దిగులుగా ఉన్నావు కదాని ఇన్నాళ్ళూ ఉప్పులేని కూర నోరెత్తకుండా తిన్నాను. ఇక ఊరుకునేది లేదు!"

ఇంకో రోజైతే దీనికి రెండింతలు అంటించేది. ఆమె చేతులు తుడుచుకుని కుర్చీలో కూలబడింది.

పన్నెండు రోజుల కిందట, తెల్లవారుతూనే జీపును రన్‌వే గీత దగ్గర ఆపి, విమానాల రాకపోకలు చూసే టవర్ అనుమతి కోసం చూస్తూ, ఒళ్ళో టిఫిన్ డబ్బా తెరిచింది. అన్నంవేళ దాకా ఆగే ఓపిక ఎక్కడిది? ఉడికించిన గుడ్డుకు మిరియాలతో కళ్ళూ నోరూ పెట్టి పంపాడు మహానుభావుడు. పకపకా నవ్వింది. సరిగ్గా అప్పుడే రేడియో పలికింది.

టవర్ చెప్పిన మాటను అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్పాలన్నది నియమం. ఎప్పుడు మొదలైందో ఏమో, బండ్లు నడిపేవాళ్ళంతా బటన్ రెండుసార్లు నొక్కి ఊరుకుంటారు. టక్ టక్ అంటే 'సరే, అర్థమైంది' అని. టవర్‌కూ అది అలవాటైపోయింది. రోజూ ఆ వేళకు వచ్చే మాట 'దాటు' అనే. ఆ రోజు మాత్రం 'ఆగు' అన్నారు. ఆమె నవ్వుతూనే టక్ టక్ నొక్కి గీత దాటింది.

నడిమధ్యకు వచ్చాక తలెత్తితే ఎదురుగా విమానం. చక్రాలు విడివిడిగా లెక్కపెట్టగలిగేంత కిందికి వచ్చేసింది. జీపు అద్దాలు గడగడలాడాయి. ఆ పొట్ట నీడ ఆమె మీదుగా పాకింది. విమానం మళ్ళీ పైకి లేచిపోయింది. అందులో నూట అరవై మంది ఉన్నారని తర్వాత తెలిసింది.

విచారణ కాగితంలో 'రేడియోలో ఏమి విన్నారు?' అన్న ప్రశ్న దగ్గర ఆమె కలం చాలాసేపు ఆగింది. చివరికి 'ఏమీ వినబడలేదు' అని రాసింది. ఇంట్లోనూ అదే చెప్పింది.

"రేడియో బాగానే పలికింది," అంది ఇప్పుడు. "నువ్వు పంపిన గుడ్డు చూసి నవ్వుకుంటూ, రోజూ చెప్పేదేగా అని నేనే పట్టించుకోలేదు."

అతని ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"గుడ్డుకి కళ్ళు పెట్టింది నేను."

"గుడ్డేం చేసింది? చెవులు నావి."

"ఎవరికీ ఏం కాలేదుగా. రిపోర్టూ అయిపోయింది. గమ్మునుంటే పోలా?"

"సెట్లు మారుస్తారు. ఆ కొత్త సెట్ల మీదా మేం టక్ టక్ అనే నొక్కుతాం. నీళ్ళ బండీ, గడ్డి కోసే ట్రాక్టరూ, అందరం. ఈసారి విమానం లేవకపోతే?"

అతను ఫోన్ పక్కన పెట్టేశాడు.

"టవర్‌లో ఆవిడ మొహం కూడా నేనెప్పుడూ చూడలేదు," అంది. "పెళ్ళయ్యాక డ్యూటీకి వెళ్తే, రేడియోలో అలాంటివి మాట్లాడకూడదని తెలిసీ 'చల్లగా ఉండు తల్లీ' అంది."

"జీపు పోతుందే."

"పోతుంది."

"అబద్ధం రాశావని ఉద్యోగమే తీసేయొచ్చు."

తెల్లవారుజామున ఆ తారంతా తన ఒక్కదాని కోసమే పరిచినట్టు ఉంటుంది. ఆ దారిన మళ్ళీ వెళ్ళనని అనుకోవడానికే ప్రాణం ఒప్పుకోవడం లేదు. అయినా తల ఊపింది.

అతను వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మంచిదనీ అనలేదు, వద్దనీ అనలేదు.

"రేపు ఏడున్నరకి ఆఫీసు తీస్తారు," అంది ఆమె. "ముందు మా సారుతో చెప్తాను. ఆ కాగితం మళ్ళీ మొదట్నుంచీ రాసిస్తాను. అక్కణ్ణించి అడ్రసు కనుక్కుని ఆవిడ ఇంటికి వెళ్తాను."

"నేనూ వస్తా."

"లోపలికి నిన్ను రానివ్వరు."

"గేటు దగ్గరే ఉంటా. ఏడింటికి బయల్దేరదాం."