దొరసానికి కాపలా

దువ్వెన పొట్ట కిందికి పోనిచ్చేసరికి పిల్లి దొరసాని ఆమె చెయ్యి కొరికింది. గట్టిగా కాదు, ఇక చాలని చెప్పే కొరుకుడు. చాలని ఆమెకూ ఉంది. కానీ ముందు కాలి చంకలో ఇంకా రెండు చిక్కులు మిగిలాయి. ఈ పూట వదిలేస్తే రేపటికి ఉండకట్టి కత్తెరదాకా వస్తాయి. అందుకని ఎడమ చేత్తో మెడ పట్టుకుని "అయిపోయిందమ్మా, అయిపోయింది" అని అబద్ధాలాడుతూ మళ్ళీ మొదలుపెట్టింది. రోజూ నలభై నిమిషాలు ఇదే పని. తన జుట్టు దువ్వుకోవడానికి ఆమెకు పొద్దున రెండు నిమిషాలు దొరికితే గొప్ప.

అప్పుడే భర్త తన గది తలుపు తీసి, హెడ్‌ఫోన్స్ మెడలోకి దించుకుని చెప్పాడు.

"అక్కావాళ్ళు సోమవారం ఊరెళ్తున్నారట. మూణ్ణెల్లు. కుక్కని మన దగ్గర దింపుతానంది."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? సరే అన్నా. నువ్వెలాగూ మధ్యాహ్నానికల్లా వచ్చేస్తావుగా!"

తలుపు మళ్ళీ మూసుకుంది. ఆయన ఉద్యోగమంతా ఆ తలుపు వెనకే. మనిషి పొద్దంతా ఇంట్లోనే ఉంటాడు, కానీ ఇంటికి మాత్రం ఉండడు. ఆమె పనిలో ఉండగా పిల్లి కక్కితే ఫోన్ చేసి మరీ కబురు చెబుతాడు. కక్కినదాని మీద ఒక పాత పేపరు కప్పి పెడతాడు. అది తన వంతు సాయం. ఆమె వచ్చాక ఆ పేపరుతో సహా తీసి తుడవాలి.

దొరసాని ఇంటికి వచ్చి రెండేళ్ళు. చప్పిడి ముక్కు, నేల ఊడ్చే తోక, నాలుగు తరాల పేర్లున్న జాతి పత్రం. ఆ పత్రానికి అద్దం కట్టించి హాల్లో పెట్టాడు ఆయన. కట్టుడు పళ్ళ తయారీలో ఆమె చదివిన చదువు తాలూకు సర్టిఫికెట్టు మంచం కింద పెట్టెలో ఉంది. పిల్లిని గడప దాటనివ్వకూడదని ఆయన ఆర్డరు. ఆర్డరు ఆయనది, కాపలా ఆమెది. రోజూ సాయంత్రం బూడిదరంగు వీధిపిల్లి ఒకటి కిటికీ అంచు మీద కూర్చుని, జాలీ అవతలి నుంచి దొరసానిని తీరిగ్గా చూసి వెళ్తుంది. ఆ సంగతి విన్న అత్తగారు ఫోన్లోనే గుండె బాదుకున్నంత పని చేశారు. "జాతిపిల్లమ్మా! వీధిదానితో కలిసిందంటే ఇంక దాని బతుకేం కాను? నువ్వు కాస్త కనిపెట్టుకుని ఉండాలి." ఇలాంటి మాటలు తనకి పదిహేనేళ్ళున్నప్పుడు అమ్మమ్మ నోట తన గురించే విన్నట్టు ఆమెకు గుర్తు.

ఒకసారి దొరసాని తప్పించుకుంది కూడా. కొరియర్ వస్తే ఆయన తలుపు బార్లా తీసి, సంతకం పెడుతూ నిలబడ్డాడు. పిల్లి మెట్లు దిగి చక్కా పోయింది. ఆమె చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి పరుగెత్తుకొచ్చేసరికి అది ఒక కారు కింద ముడుచుకుని ఉంది, బయట రెండు వీధికుక్కలు కాచుకుని ఉన్నాయి. ఆమె కుక్కల్ని అదిలించి, నేల మీద బోర్లా పడుకుని, మోచేతులు గీరుకుపోతుంటే దాన్ని బయటికి లాగింది. ఆయన పైనుంచి చూసి, "నువ్వు పొద్దున్నే చెప్పి ఉండాల్సింది, కొరియర్ వస్తుందని" అన్నాడు. పార్సిలు ఆయనది.

అప్పటి నుంచి ఆమెకు తలుపులతో ఒక అలవాటు పట్టుకుంది. జానెడు తెరిచి, ముందు కాలు అడ్డం పెట్టి, సంచీ దించి, పక్కకి తిరిగి జారడం. తను పనిచేసే కట్టుడు పళ్ళ ల్యాబ్‌లో కూడా అలాగే దూరుతుంటే తోటివాళ్ళు పడీపడీ నవ్వారు. "ఏంటి, దొంగతనానికి వచ్చావా?" అన్నారు. ఆమె కూడా నవ్వింది. తర్వాత బాత్రూములోకి వెళ్ళి కాసేపు ఏడ్చింది.

మొన్న బుధవారం ల్యాబ్ యజమానురాలు ఆమెను తన బల్ల దగ్గరికి పిలిచింది. దీపం కింద ఒక మైనపు పన్ను పెట్టి ఉంది, కొలిమిలోకి వెళ్ళాల్సింది. దానిలో రెండంగుళాల తెల్ల వెంట్రుక ఒకటి ఒదిగి ఉంది.

"ఇది కాలితే పన్నులో గీత పడేది. మీ పిల్లిదేనా?"

ఆమెకు తల కొట్టేసినట్టయింది. పదకొండేళ్ళలో ఆమె చేసిన పన్ను ఒక్కటీ వెనక్కి రాలేదు. తెలుపులో పదహారు తెలుపుల్ని చూడగానే చెప్పగలదు.

"నీ కన్ను నాకు కావాలి," అంది యజమానురాలు. "రంగు కలిపే విభాగం మొత్తం నువ్వే చూడు. కాకపోతే సగం పూట కుదరదు, సాయంత్రందాకా ఉండాలి. శనివారంలోగా చెప్పు. లేదంటే వేరే మనిషిని చూసుకుంటాను."

ఇంటికి వచ్చి భర్తకు చెబితే, ఆయన నోట వచ్చిన మొదటి మాట, "రోజంతానా? మరి పిల్లి?" రెండో మాట వచ్చేలోపు ఆయన ఫోన్ మోగింది. ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక కావాలి, అది లేదు. ఆ ఉద్యోగం తనకెంత కావాలో గిన్నెలు తోముతుండగా తెలిసింది. కావాలని ఎవరితోనూ పైకి అనలేదు, అంతే.

శనివారం ఇద్దరూ పిల్లిని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. కుక్క వచ్చేలోపు ఏమేం చెయ్యాలో అడగాలని భర్తే బయలుదేరదీశాడు. కాగితం మీద యజమాని అన్న చోట తన పేరు రాశాడు.

"రోజుకి నీళ్ళెంత తాగుతుంది సార్?" అడిగాడు డాక్టరు.

ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె చెప్పింది.

"ఆఖరి టీకా ఎప్పుడేశారు? భయపడితే ఎక్కడ దాక్కుంటుంది?"

మళ్ళీ చూశాడు. మళ్ళీ చెప్పింది. నాలుగో ప్రశ్నకి డాక్టరు కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు, ఆయన ఫోన్ తీసుకున్నాడు.

"చూడమ్మా, తొందరపడకూడదు. మొదటి వారం కుక్క ఒక గదిలో, ఇది ఒక గదిలో. దీని తువాలు దానికి, దాని తువాలు దీనికి. వాసన అలవాటు కావాలి. తర్వాత మూసిన తలుపుకి చెరోవైపు అన్నం పెట్టండి. ఆ తర్వాతే కుక్కని తాడుతో పట్టుకుని దూరం నుంచి చూపించాలి. రెంటినీ ఒంటరిగా వదలొద్దు, ఒక్క నిమిషం కూడా. తక్కువలో తక్కువ నెల్లాళ్ళు ఇంట్లో ఒకరు పొద్దంతా కనిపెట్టుకుని ఉండాలి. రాసుకుంటావా?"

కాగితం, కలం ఆమె ముందుకు జరిపాడు. భర్త ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "అది చూసుకుంటుందిలెండి," అన్నాడు.

ఆమె కలం అందుకుంది. ఒక క్షణం దాన్ని చేతిలోనే ఉంచుకుంది. ఎవరి మీదా అరవాలని అనిపించలేదు. విసుగు కూడా ఎక్కడో అడుగంటిపోయినట్టు, లోపలంతా తేలిగ్గా ఉంది. కలాన్నీ కాగితాన్నీ తీసుకెళ్ళి భర్త ఒడిలో పెట్టింది.

"మళ్ళీ మొదట్నుంచి చెప్పండి డాక్టరుగారూ, ఈయన రాసుకుంటారు," అంది. "సోమవారం నుంచి పొద్దంతా ఇంట్లో ఉండేది ఈయనొక్కరే."