అతియాత్ అరచెయ్యి

"మోకాళ్లు వదిలెయ్యి. అవి నీవి కావనుకో," అంది అతియాత్, తన కుడి అరచేతిని కొత్త మనిషి నడుం కింద ఆనించి.

"మునిగిపోతున్నా పిన్నీ!"

"మునిగేది కాళ్లు. వాటికి తొందరెక్కువ. అవి పోతే పోనీ, వాటి వెంట నువ్వు పోకు. తల వెనక్కి వాల్చు. చెవులు నీళ్లలో పెట్టు. గుండెల నిండా గాలి పీల్చి, అక్కడే దాచుకో."

కొత్త మనిషి పేరు ఇక్రామ్. పిండిమర వాళ్ల పెద్ద కోడలు. లావుపాటి మనిషి. ఒడ్డున బట్టలు మార్చుకునే గదిలోంచి బయటికి రావడానికే చాలాసేపు సిగ్గుపడింది. ఇప్పుడు ఛాతీ లోతు నీళ్లలో వెల్లకిలా పడుకుని, అతియాత్ జబ్బను గోళ్లు దిగేలా పట్టుకుంది.

తింసా సరస్సు ఒడ్డున ఆ చిన్న తీరం సోమవారం పొద్దుటిపూట ఆడవాళ్లది. మూడువైపులా తడికలు. నాలుగోవైపు నీళ్లు. లోతు మొదలయ్యే చోట ఒక తాడు, దానికి గుచ్చిన ఖాళీ నూనె డబ్బాలు. ఆ తాడు అవతలికి అతియాత్ ఏనాడూ వెళ్లలేదు. ఆమెకు ఈత రాదు. నీళ్ల మీద తేలడం ఒక్కటే వచ్చు. తేలించడం ఇంకా బాగా వచ్చు. ఇస్మాయిలియా ఊరి ఆడవాళ్లకు అదొక వేళాకోళం. ఈత రాని పంతులమ్మ అని మొహం మీదే అనేవాళ్లు. "తాడు దాటాల్సిన పని మనకేముందే? అవతల ఓడలుంటాయి," అని ఆమె కూడా నవ్వేసేది.

పొట్టి మనిషి, బక్క మనిషి. మోచేతుల దాకా ఎండకు కమిలిన చర్మం, వేళ్ల చివర్లు ఎప్పుడూ నానిపోయి ముడతలు. ఎంత సబ్బు రుద్దినా ఒంటికి కొంచెం ఉప్పునీటి వాసన మిగిలే ఉండేది. తీరంలో ఆమెను పనిలో పెట్టుకున్నది గదులు కడగడానికి. ఒకనాడు నీళ్లలో కాలుజారి కేకలు పెట్టిన పెళ్లికూతురి వీపు కింద చెయ్యి వేసి నిలబెట్టింది. ఆ తరవాత ఎవరూ చెప్పకుండానే ఇదీ ఆమె పనయింది.

దిగేముందు ప్రతి మనిషి అంగీనీ తనే సర్దేది. పొడుగు అంగీలతో నీళ్లలోకి రాగానే లోపల చిక్కిన గాలికి గుడ్డ బానలా ఉబ్బుతుంది. అందరూ పకపకా నవ్వుతారు. కాసేపటికి అదే గుడ్డ నీళ్లు తాగి కాళ్లను కిందికి గుంజుతుంది. అప్పుడు నవ్వు ఆగిపోతుంది. అందుకే గాలి పిండేసి, అంచు మోకాళ్ల దగ్గర ముడివేసేది. "నీళ్లలో గుడ్డ రెండో మనిషి. ఇద్దరి బరువు నీకెందుకు?" అనేది.

"మా తోడికోడలు నన్ను చూసి నవ్వుతోంది," అని గొణిగింది ఇక్రామ్.

"నవ్వనీ. ఆవిడ ఇనపచువ్వలా ఉంది, ఇందాకటి నుంచి తేలించలేక చస్తున్నా. నీకు దేవుడు ఒంటికే సొరబుర్ర కట్టి పంపాడు. ఒక్కసారి నీళ్లను నమ్మి చూడు."

ఇక్రామ్ గోళ్లు మెల్లగా సడలాయి. మెడ వదులైంది. గాలి పీల్చింది. పొట్ట పైకి లేచింది, తరవాత తొడలు, ఆ తరవాత గులాబీరంగు పూసిన కాలి వేళ్లు. అతియాత్ అరచేతి మీద బరువు సగమైంది, పావైంది, చివరికి చర్మానికి చర్మం తగిలినంతే మిగిలింది. అప్పుడామె చెయ్యి తీసేసింది.

చాలాసేపటికి ఇక్రామ్ కళ్ల పక్కనుంచి నీళ్లు కారి సరస్సులో కలిశాయి.

"ఏమైందమ్మా?"

"ఊహ తెలిశాక నన్నెవరూ ఎత్తుకోలేదు పిన్నీ."

అతియాత్ ఆమె నుదుటి మీద తడి జుట్టును పక్కకు తోసింది. "ఉండు. ఇంకాసేపు ఉండు. గదులు కడగడానికి ఇంకా టైముంది," అంది.

ఆడవాళ్లంతా వెళ్లాక గదులు కడిగి, తడికల మీద మిగిలిన తువ్వాళ్లు దులిపి, రెండు రొట్టెలు కొనుక్కుని ఇంటికి వెళ్లింది. మంచం మీద మొగుడు షెహాతా తలుపువైపే చూస్తున్నాడు. పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి కుడివైపు మనిషి నిద్రపోతున్నట్టు ఉంటాడు. ఎడమ కన్ను ఒక్కటే పాత షెహాతా.

ఒకప్పుడతను, ఈ సరస్సు మీదుగా పోయే ఓడల కాలువలో, పెద్ద ఓడలకు తాళ్లు కట్టే చిన్న పడవలో పనిచేశాడు. పెళ్లయిన కొత్తలో, నీళ్లంటే కుండలోవి తప్ప తెలియని ఈ పల్లెటూరి పిల్లను ఈ సరస్సుకే తీసుకొచ్చి, వీపు కింద అరచెయ్యి పెట్టి తేలించాడు. ఆమె భయంతో అతని చెవి పట్టుకుని మెలిపెట్టింది. "పెద్ద ఓడ పక్కన చిన్న పడవ పోకూడదే. మనం దాని జోలికి పోకపోయినా, నడుమ నీళ్లే మనల్ని దాని పక్కకి లాగేస్తాయి. నా గతీ అదే. నువ్వు ఓడవి," అన్నాడు ఆ రోజు. ఆ మాటకు ఆమె చెవి వదిలిపెట్టింది.

ఆ షెహాతాను ఇప్పుడు మంచం మీద ఒక పక్కనుంచి ఇంకో పక్కకు ఒత్తిగిలించాలంటే ఆమెకు ఊపిరి ఆగినంత పనవుతుంది. అందుకే సాయంత్రాలు చక్రాల కుర్చీలో సరస్సుకు తీసుకెళ్తుంది. తీరం కాపలాదారు బస్తవీసీ, అతని తమ్ముడు కలిసి నీళ్లలో దించుతారు. అక్కణ్ణుంచి ఆమె ఒక్కతే చాలు.

కిందటి వారం డాక్టరు వచ్చి, గుండె బాగా అలిసిపోయింది, నీళ్లు మానిపించమన్నాడు. ఆమె ఆ మాట దాచలేదు. షెహాతా నాలుక కూడదీసుకోవడానికి కొంతసేపు పట్టింది.

"మంచం మీద... మునుగుతున్నా అతియాత్. అక్కడే... తేలుతున్నా."

అంతటితో ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఇవాళ కూడా రొట్టె పులుసులో నానబెట్టి తినిపించింది, గడ్డం గీసింది, ఎండ తగ్గాక కుర్చీలో కూర్చోబెట్టుకుని బయల్దేరింది.

నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. ఆమె ఎడమచెయ్యి అతని మెడ కింద, కుడి అరచెయ్యి వీపు కింద. ఒడ్డు మీద మొద్దులా ఈడ్చుకురావలసిన కుడికాలు నీళ్లలో నాచుతీగలా చిన్న అలకు అటు, చిన్న అలకు ఇటు ఊగింది.

"చూడు... నడుస్తోంది," అన్నాడు షెహాతా. రోజూ అనేమాటే.

"ఎక్కడికో?"

"నీ... పుట్టింటికి."

ఆమె నవ్వింది. పొద్దుటి సంగతి చెప్పింది. పిండిమర కోడలు భయపడటం, గోళ్లు గుచ్చడం, తోడికోడలు మునిగి దగ్గడం.

"తేలిందా?"

"తేలింది. పైకి రానంటే రానంది."

షెహాతా ఎడమ పెదవి సాగింది. గొంతులో గురగురమని నవ్వు కదిలింది. గాలి పీల్చినప్పుడల్లా అతని ఒళ్లు ఆమె అరచేతి మీంచి కాస్త పైకి లేచేది. వదిలినప్పుడల్లా తిరిగి వచ్చి ఆనేది. ఆ లేవడం, ఆనడం ఆమె చేతికి ఎంత అలవాటంటే, మాట్లాడుతున్నా, ఎటో చూస్తున్నా, చెయ్యి మాత్రం దాన్నే వింటూ ఉండేది.

దూరాన, కాలువ దారిలో, ఎర్రటి పెట్టెలు పేర్చుకున్న ఓడ ఒకటి చప్పుడు లేకుండా సరస్సు దాటుతోంది. షెహాతా ఎడమకన్ను దానివైపు తిరిగింది. పొడుగ్గా గాలి వదిలాడు. ఒళ్లు వచ్చి ఆమె అరచేతికి ఆనింది.

ఆమె ఎదురుచూసింది.

ఒడ్డున నీళ్లు కొంచెం వెనక్కి తగ్గాయి. ఓడ పోయినప్పుడు ఎప్పుడూ అంతే. ముందు తగ్గి, తరవాత తిరిగొస్తాయి. తిరిగొచ్చిన నీళ్లు ఉబికి, అతన్ని మెల్లగా పైకెత్తాయి. "హమ్మయ్య," అనుకుందామె. తన కాళ్లు కూడా ఇసుక మీంచి లేచాయని మరుక్షణం తెలిసింది. ఆ ఉబుకు దాటిపోయింది. అతని ఒళ్లు దిగివచ్చి ఆమె చేతిలో నిలిచిపోయింది.

వెంటనే ఎవర్నీ పిలవలేదు. ఒడ్డు చేరితే అతనికి మళ్లీ బరువొస్తుంది. తడి అరచేత్తో అతని కనురెప్పలు మూసింది. చెవి నీళ్లలోంచి పైకెత్తి, అందులో ఏదో చెప్పింది. వాళ్లిద్దరి చుట్టూ నీళ్లు సద్దుమణిగేదాకా అలాగే నిలబడింది.

"బస్తవీసీ, రా నాయనా. మెల్లగానే రా. తొందరేం లేదు," అంది చివరికి.

అన్నదమ్ములిద్దరూ ఆమె మొహం చూశారు. ఒక తడిక విప్పుకొచ్చి దాని మీద పడుకోబెట్టారు. నీళ్లు మోకాళ్ల దిగువకు వచ్చేదాకా ఆమె చెయ్యి అతని వీపు కిందే ఉంది. తరవాత ఇక వీలు కాలేదు. వాళ్లు ముందు, ఆమె వెనక, అంగీ అంచు నుంచి నీళ్లు కారుతూ వీధివైపు నడిచారు.

తీరం మీద చక్రాల కుర్చీ నీళ్లవైపు మొహం పెట్టి అలాగే ఉండిపోయింది. దాని స్పాంజి దిండులో, కుడివైపు లోతుగా, మనిషి కూర్చున్న గుంట ఇంకా పూడలేదు.