తండ్రి లేని బోను

ఉతికిన బట్టల గుట్టని మంచం మీద పోసి, ఒక్కొక్కటే మడతపెడుతూ, కోడలు రేపటి ఉపన్యాసం అప్పజెబుతోంది. పేరుకి జన్యుశాస్త్రవేత్తే. కానీ సాధన చేసుకోవడానికి ఆమెకి దొరికిన సభ ఇదీ: నాలుగు దుప్పట్లు, పాప గౌన్లు, జత కుదరని మేజోళ్ళు, ఎదురుగా అత్తగారు. రేపు ఎంపిక సంఘం ముందు గట్టెక్కితే సొంత ల్యాబ్ వస్తుంది. లేదంటే ఎప్పటిలాగే ఇంకొకరి ల్యాబ్‌లో, ఇంకొకరి పేరు కింద.

భర్త మంచివాడు, అందులో ఎవరికీ సందేహం లేదు. ఇందాకే గుమ్మంలోంచి తల పెట్టి, "నీ పనిలో ఏమన్నా సాయం చేయనా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళాడు. నీ పని అంటే ఎలుకల జన్యువులు కాదు, ఆయనగారి చొక్కాలే. పెళ్ళైన కొత్తలో ఇదే మాటకి మురిసిపోయింది, పిచ్చిమొహం.

"ఎక్కడున్నానత్తయ్యా? ఆఁ... తల్లి ఎలుక పిల్లల్ని నాకి, దగ్గరికి తీసుకుంటే వాటి జన్యువుల మీద రసాయన గుర్తులు మారతాయి. జన్యువు అదే, దాని మీద గుర్తు మారుతుంది, అంతే. ఆ పిల్లలు పెద్దయ్యాక దేనికీ అంతగా బెదరవు. తల్లి పట్టించుకోనివి మాత్రం చీటికీమాటికీ ఉలిక్కిపడతాయి."

రోజూ అయితే "మీ ఎలుకలకో దండం" అని వెక్కిరించే అత్తగారు ఇవాళ మడతపెట్టడం ఆపేసింది. చేతిలో తువ్వాలు సగం మడతలో అలాగే ఉండిపోయింది.

"అమ్మాయ్, మీ ఆయన చిన్నప్పుడు ఉరిమితే వణికిపోయేవాడే. ఇప్పటికీ ఫోను మోగితే అదిరిపడతాడు చూడు. నేను ఎత్తుకోలేదనే అలా అయ్యాడంటావా? ఎత్తుకోవాలనే ఉండేది. ఇంటెడు చాకిరీ, నడుం వాల్చే తీరికేదీ? ఏడ్చి ఏడ్చి వాడే నిద్రపోయేవాడు."

కోడలు చేతిలోని గౌను పక్కన పెట్టేసింది. ఇన్నేళ్ళ పరిశోధన పోయి పోయి ఈ మనిషి గుండెల మీద పడిందా?

"అయ్యో, ఎలుకల సంగతి తెచ్చి మనుషులకి అలా అంటగట్టకూడదత్తయ్యా," అంది గబగబా. అది నిజమే. అయినా మనసు ఊరుకోలేదు. ఈవిడ చాకిరీలో మునిగి ఉంటే ఆ ఇంట్లో ఇంకో మనిషే లేడా?

"మరి మామయ్యగారు ఎత్తుకునేవారా?"

"ఆయనా! ఒకసారి చేతికిస్తే పుచ్చకాయని పట్టుకున్నట్టు పట్టుకున్నారు. భయమేసి మళ్ళీ ఇవ్వలేదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. కోడలి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"నా బోనుల్లో కూడా తండ్రి ఉండడత్తయ్యా. పిల్లలు పుట్టకముందే తీసి వేరే బోనులో పెట్టేస్తాం. ఉంటే తల్లికి వెంటనే మళ్ళీ కడుపొస్తుంది, రెండు కాన్పుల లెక్కలూ కలిసిపోతాయి."

"మంచిపనే చేశారు!" అంటూ అత్తగారు పకపకా నవ్వింది.

అందరూ చేసే పద్ధతే. తండ్రిని అవతల పెట్టి, పిల్లల భయాలన్నిటికీ తల్లినొక్కదాన్నే జవాబుదారీ చేసింది తను. ఇంత చదువూ చదివి, ఒక్కనాడు అనుమానం రాలేదు. కిందటిసారి ఎంపిక సంఘం పెద్దాయన, "చంటిపిల్ల తల్లివి కదమ్మా, ల్యాబ్ ఎలా నెట్టుకొస్తావు?" అని అడిగితే, "మా అత్తగారున్నారండీ" అని గొప్పగా చెప్పి వచ్చింది. తన ఇంటి బోనులోంచి కూడా తండ్రిని తీసేసింది తనే. చివరికి ల్యాబ్ ఇంకొకాయనకి వచ్చింది. ఆయనకీ చంటిపిల్లాడే. ఆయన్ని ఎవరూ అడగలేదు.

ఆమె చొక్కాలన్నీ గుట్టలోనే వదిలేసి లేచింది. కంప్యూటరు తెరిచి, ఉపన్యాసం చివర కొత్త ప్రయోగం ఒకటి చేర్చింది: సగం బోనుల్లో తండ్రి ఉంటాడు. లెక్కలు కష్టమైతే కష్టపడి తేలుద్దాం.

వెనకనుంచి అత్తగారన్నది, "పొద్దున్నే నేను మా చెల్లెలింటికి పోతున్నా."

"రేపేనా, అత్తయ్యా?"

"రేపే. నేనిక్కడుంటే వాడు కుర్చీలోంచి లేవడు. పాపకి తండ్రి కాడూ? చూసుకుంటాడు."

కోడలు వెళ్ళి ఆవిడని గట్టిగా వాటేసుకుంది. "చాల్లే, చీర నలుగుతుంది," అందావిడ, వదిలించుకోకుండానే.

మర్నాడు లోపలికి పిలిచే ముందు ఫోను మోగింది. భర్త సందేశం: పాప జడకి రబ్బరుబ్యాండ్లు ఎక్కడ? 'రెండో సొరుగు' అని రాయడానికి అలవాటుగా వేలు లేచింది. ఆమె ఫోను ఆపేసి సంచిలో పడేసింది. వెతుక్కుంటాడు. ఇల్లు ఆయనది కూడానూ.

ఉపన్యాసం అయ్యాక అదే పెద్దాయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఆలోచన బాగుందమ్మా. కానీ తండ్రుల్ని కూడా ఉంచితే పని రెట్టింపు. ఇంట్లో చిన్నపిల్ల ఉందంటివి. ఎవరు చూసుకుంటారు, మీ అత్తగారేనా?"

"కాదండీ, వాళ్ళ నాన్న," అందామె నవ్వుతూ. "ఇవాళ పొద్దుటినుంచి మా ఇంట్లో ఆయన్ని కూడా బోనులోనే ఉంచాం."