హ్యాండిల్ మీది తువ్వాల

రాజోలి దగ్గరి ఎత్తిపోతల పంపు ఇకనుంచి రోజూ పదకొండింటికి దానంతటదే మొదలవ్వాలి. మొదలైందో లేదో వనపర్తి ఆఫీసులో మానసకు కనబడాలి. అందుకామె కలెక్టర్ అనే సాఫ్ట్‌వేర్‌ను అమర్చింది. దానికి మూడు చేరాలి: యంత్రం రాసే లాగ్‌లు, కరెంటు కొలతలు, ఆదేశం ఏ దారిన పోయి ఎక్కడ ఆగిందో చెప్పే జాడ.

లాగ్‌లలో సగం ఒకటే మాట. పంపు బావి మూత తెరిచారు, మూశారు.

"గవన్నీ చెత్త. తీసెయ్" అన్నాడు పై అధికారి చంద్రశేఖర్. తీసేసింది.

మంగళవారం పదకొండింటికి మొదటి ఆదేశం వెళ్లింది. వనపర్తి, రాజోలి, పంపు పక్కనున్న కరెంటు ప్యానెల్. జాడ అక్కడ ఆగింది. కరెంటు సున్నా. పంపు ఆపరేటర్ కురుమయ్యకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. పావుగంటకు ఆయనే చేశాడు.

"బాయిల ఉంటి బిడ్డా. పంపు జాలికి గుర్రపుడెక్క సుట్టుకుంటే తీస్తున్న. అంగీ, ఫోను పైననే."

"పంపు చాలూ అయ్యే టైం కదా కాకా!"

"ప్యానెల్ హ్యాండిల్ బందు దిక్కు తిప్పి, తువ్వాల ఏసే దిగుత. తువ్వాల ఉంటే ఎవడూ ముట్టడు. ఇరవై ఏండ్ల సంది గిదే."

"ఇప్పుడు చాలూ చేసేది మనిషి కాదు. కంప్యూటర్."

"దానికి తువ్వాల కనవడదా?" కురుమయ్య నవ్వాడు.

మానస మూత లాగ్‌లను మళ్లీ కలిపింది. ఆ రోజువి కూడా వచ్చాయి. 10:38, తెరిచారు. 11:14, మూశారు.

చంద్రశేఖర్‌కు చూపించింది. ఆయన జాడ ఆగిన చోటే చూశాడు.

"హ్యాండిలే అడ్డం. రేపు పొద్దుగాల తీసేపించి, లైను నేరుగ కలిపిస్త."

"లోపల మనిషి దిగుతుండు సార్."

"దిగొద్దని చెప్పు."

చెప్పింది.

"దిగకుంటే డెక్క ఎవరు తీయాలె? మోటరు కాలితే నన్నే అడుగుతరు" అన్నాడు కురుమయ్య. "పరేషాన్ గాకు బిడ్డా. హ్యాండిల్ పోతే పోనీ, గోడకు మొల ఉంది. తువ్వాల దానికేస్త."

"నాకు చెప్పకుండా దిగకు కాకా."

"సరే, సరే."

బుధవారం 9:20కి లాగ్ వచ్చింది: హ్యాండిల్ తొలగించారు. 10:38కి ఇంకొకటి: మూత తెరిచారు.

కురుమయ్య నుంచి ఫోన్ రాలేదు. మానస చేసింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. ఆదేశాన్ని ఆపే అనుమతి చంద్రశేఖర్‌కే ఉంది. ఆయన గద్వాలలో మీటింగులో ఉన్నాడు. రెండుసార్లు కట్ చేసి, మూడోసారి ఎత్తాడు.

"మీటింగుల ఉన్న. జర ఆగు."

"ఆగే టైం లేదు సార్..."

పెట్టేశాడు.

10:59. మూశారన్న లాగ్ కోసం మానస పేజీని మళ్లీ మళ్లీ తెరిచింది. రాలేదు.

11:00. వనపర్తి. రాజోలి. ప్యానెల్. జాడ ఈసారి అక్కడ ఆగలేదు.

కరెంటు కొలత సున్నా నుంచి కదిలింది.