గోరింట కంచె మీద రేడియో

గోదావరి గట్టు మీది మున్సిపల్ పార్కుకు తోటమాలినీ, కాపలావాణ్ణీ, రేడియో ఆపరేటర్నీ అన్నీ నేనే. జీతం మాత్రం ఒక్కటే. సాయంత్రం ఆరింటికి రేడియో పెట్టి, కొమ్మకు కట్టిన మైకులోంచి అందరికీ వినిపించాలి. ఇళ్లల్లో రేడియో లేనివాళ్లంతా వచ్చి కూర్చుంటారు. గోరింట కంచెకు ఇటు మగవాళ్లు, అటు ఆడవాళ్లు. ఎవరైనా గడ్డి పీకితే నాకు ఒళ్లు మండుతుంది, అరుస్తాను. అరుపుల పెద్దిరాజని పేరు కూడా పెట్టారు.

ఆ రోజు మధ్యాహ్నమే బట్టల కొట్టు జోగేశ్వరరావు గారి భార్య కన్యకాపరమేశ్వరి గారు వచ్చారు.

"పెద్దిరాజూ, మా మీనా ఇవాళ ఆరున్నరకి బెజవాడ రేడియోలో పాడుతుందంట. పది నిమిషాలేనంట. స్టేషన్ మార్చేయకేం?"

"మీ ఇంట్లో రేడియో ఉంది కదండీ?" అన్నాను, తెలిసే.

"బీరువాలో పెట్టేశారు. తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది."

ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. కూతురు రేడియోలో పాడతానంటే, మనింటి ఆడపిల్ల గొంతు బజార్న పడ్డమేంటని ఆయన కేకలేశారు. ఆ పిల్ల బెజవాడ మేనమామ దగ్గరికి వెళ్లిపోయింది. రెండేళ్లుగా ఆయన ఉత్తరం రాయలేదు, భార్యని రాయనివ్వలేదు.

ఆరుంబావుకి ఆవిడ వచ్చి కంచెకవతల కూర్చున్నారు. ఐదు నిమిషాలకి కొట్టు కట్టేసి ఆవిడ భర్త, శెట్టిగారే వచ్చారు! పదేళ్లలో ఎప్పుడూ పార్కులో కాలు పెట్టని మనిషి. కంచె మూలకు నక్కి కూర్చుని, "ఏంటి పెద్దిరాజూ, వార్తలెప్పుడు?" అన్నారు.

"ఏడింటికండి."

"అలాగా. ఉంటాలే."

నాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. భార్య అవతలే ఉన్నారని చెప్పలేదు. చెబితే లేచి వెళ్లిపోతారు.

సరిగ్గా ఆరున్నరవుతుండగా కరెంటు పోయింది. మైకు మూగబోయింది. అవతల నుంచి "అయ్యో తల్లీ!" అని వినిపించింది. ఇవతల శెట్టిగారు లేచి నిలబడ్డారు.

నా గదిలో చిన్న ట్రాన్సిస్టర్ ఉంది. దాని బ్యాటరీలు ఎప్పుడో అయిపోయాయి, రోజూ ఎండబెట్టి వాడుతున్నాను. బారెడు దూరం దాటి వినపడదు. ఇటు పెడితే ఆవిడకు లేదు, అటు పెడితే ఈయనకు లేదు. పరుగున తెచ్చి కంచె మీదే పెట్టాను.

"ఎవరైనా నోరెత్తారో, ఊరుకోను!" అని అరిచాను. వేరుశనక్కాయలమ్మే చిట్టియ్యతో సహా అందరూ నోళ్లు మూసుకున్నారు.

ఇద్దరూ చెరో పక్క నుంచి వచ్చారు. తలెత్తేసరికి ఎదురెదురుగా ఉన్నారు. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన ఏదో అనబోయారు, అంతలో మీనా పాట మొదలైంది.

రెండో పాటకల్లా బ్యాటరీలు నీరసించాయి. గోరింట ముళ్లు గుచ్చుకుంటున్నా శెట్టిగారు ట్రాన్సిస్టర్‌కి చెవి ఆనించేశారు. అటు నుంచి ఆవిడా ఆనించారు. పాట సన్నబడి సన్నబడి ఆగిపోయింది.

శెట్టిగారు కండువాతో మొహం తుడుచుకున్నారు.

"ఏమే, దాని గొంతు పీలగా లేదూ?"

అది నా బ్యాటరీల తప్పని చెప్పబోయి నాలిక కరుచుకున్నాను.

"సరిగ్గా తిండి తింటున్నట్టు లేదే పిల్ల," అన్నారాయన. "పొద్దున్న మొదటి బండికే వెళ్దాం. దానికి సున్నుండలిష్టం కదా, చుట్టు."

ఆవిడ ఏడుస్తూనే అన్నారు: "చుట్టి వారమైందండి."