ఇటుకల కింద స్టూలు

మా అమ్మ రబియా ఎడమ చెప్పుకు రెండంగుళాల మందాన లారీ టైరు ముక్క అంటించింది నేనే. ఆ కాలు పొట్టిదవడానికి కారణమూ నేనే. ఈ రెండో సంగతి నేనుగా ఆమెకు చెప్పలేదు.

1984లో కుళాయి దగ్గర జారిపడి అమ్మ తొడ ఎముక విరిగింది. నరసరావుపేటలో ఓ ఆస్పత్రిలో చేర్పించాను. డెబ్బై ఏళ్ల వయసులో ఆపరేషన్ తట్టుకోలేదని డాక్టరు కాలికి తాడు కట్టి, మంచం చివర గిలక మీదుగా ఇటుకల సంచీ వేలాడదీశాడు. ఆ బరువు ఎప్పుడూ లాగుతుంటేనే ఎముక సరిగ్గా అతుక్కుంటుందని నర్సు గ్రేసమ్మ రెండుసార్లు చెప్పింది.

"కాలు ఊడొస్తందిరా కాలేషా, నీకు దండం పెడతా" అని అమ్మ ఏడ్చేది.

నేను లారీ మెకానిక్‌ని. బరువు కింద జాకీ పెట్టడం నాకు రోజూ ఉండే పనే. మధ్యాహ్నం గ్రేసమ్మ భోజనానికి వెళ్లగానే సంచీ కింద స్టూలు జరిపేవాణ్ణి. అమ్మ హాయిగా కునుకు తీసేది. డాక్టరు వచ్చేలోగా తీసేసి, నా తెలివికి నేనే మురిసిపోయేవాణ్ణి.

ఇంటికొచ్చాక, కాలు పొట్టిగా అతుక్కుందని అమ్మ వీధంతా చెప్పుకుంది. "ఆ డాక్టరు చేతకానోడు. నా కొడుకు కనిపెట్టుకున్నాడు కాబట్టి బతికా." నేను పక్కనే కూర్చుని ఆ పొగడ్త విన్నాను. సిగ్గులేని వెధవని.

ఆర్నెల్లకు మళ్లీ చూపించడానికి వెళ్లాం. అమ్మను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి గ్రేసమ్మ కోసం వార్డులోకి వెళ్లాను. అదే మంచం మీద ఓ ముసలాయన మూలుగుతున్నాడు. ఆయన కూతురు ఇటుకల కిందకు స్టూలు జరుపుతోంది.

"ఏందమ్మా అది? తియ్యి!"

"మా నాన్న ఓర్చుకోలేకపోతన్నాడన్నా. కాసేపేగా."

"నేనూ మా అమ్మకి కాసేపే పెట్టా. కాలు పొట్టిదైపోయింది. పాపం డాక్టరు తప్పేం లేదు, నేనే చేశా."

వెనక్కి తిరిగితే గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది.

నన్ను దాటుకుంటూ కుంటుతూ వెళ్లి, ఆ స్టూలు లాగి దానిమీద తనే కూర్చుంది. ముసలాయన చెయ్యి పట్టుకుంది. "ఏడువు అన్నా, గట్టిగా ఏడువు. నేనిక్కడే ఉంటా. ఇది మాత్రం అడగమాక."

తర్వాత నావైపు చూసింది.

"దండం పెట్టి అడిగింది నేనేగదరా. నువ్వేం చేస్తావు?"

తిట్టినా బాగుండేది. మర్నాడు సంచీల చుట్టూ స్టూలు దూరకుండా ఇనప చువ్వలతో చట్రాలు చేసి ఆ వార్డుకిచ్చాను. నిజం తెలిసీ అమ్మ ఇప్పటికీ వీధిలో డాక్టరు చేతకానోడనే చెబుతోంది, నేను వింటుండగానే.