థర్మన్‌ని పేల్చిన రోజు

మా అన్న థర్మన్ చెప్పిన అబద్ధాలన్నీ ఒకచోట పోస్తే మా లోయ పూడిపోయి పక్క జిల్లాతో సమానమవుతుంది. వాటిలో చిన్నదొకటి చెబుతాను. పెద్ద రివాల్వరు కొత్తగా వచ్చిన రోజుల్లో ఆయన ఎదురుగా కూర్చున్న కుందేలుకు గురిపెట్టాడట. గురి తప్పింది. తుపాకి తన్నిన తన్నుకు చేతిలోంచి ఊడి, నెత్తిమీదుగా వెనక్కి ఎగిరి, పొదలో నక్కి చూస్తున్న పెద్ద ఎల్కు దుప్పి నుదుటికి తగిలిందట. అది అక్కడికక్కడే పడిపోయిందట. "ఆ మాంసం మాకు చలికాలమంతా వచ్చింది" అనేవాడు. ఆ మాంసం నేనూ తిన్నాను కాబట్టి నోరెత్తడానికి లేకపోయింది.

తుపాకి మాత్రం అబద్ధం కాదు. వయోమింగ్‌లో మా వైపు కొండల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. కంచెలు కట్టేవాడి నడుముకు రివాల్వరు ఉంటే ఎవరూ వింతగా చూడరు. కాని థర్మన్‌ది వేరు. మామూలు రివాల్వరు చక్రంలో ఆరు తూటాలు పడితే దాంట్లో ఐదే పట్టేవి. ఒక్కొక్కటి నా బొటనవేలంత ఉండేది. పేల్చే ప్రతిసారీ దాని వెనకుండే సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగి నిలబెట్టాలి, లేకపోతే పేలదు. అలా లాగేలోపు మనిషికి ఆలోచించుకునే తీరిక దొరుకుతుందని ఆయనకు ఆ రకమే ఇష్టం. పేలాక ఆలోచించే పని ఉండదు. కాసేపు సొంత పేరు కూడా గుర్తుకు రాదు.

తూటాలు చేసేవాణ్ణి నేను. సీసం కరిగించి అచ్చులో గుండ్లు పోయడం, వాడిన ఇత్తడి గొట్టాలకు అడుగున సుత్తి దెబ్బకు నిప్పు రేపే కొత్త టోపీ బిగించడం, తుపాకి మందు కొలిచి పోసి పైన గుండు కూర్చోబెట్టడం, అన్నీ నా పనిబల్ల మీదే. నేను చేసేవాణ్ణి, థర్మన్ పేల్చేవాడు, ఆర్డిత్ వదిన చెవులు మూసుకునేది. పెళ్ళై వచ్చినప్పటి నుంచి ఆవిడ ఆ తుపాకి జోలికి పోలేదు. దాని పక్కన సూప్ గిన్నె కూడా పెట్టేది కాదు.

ఆకులు పండి రాలే రోజుల్లో థర్మన్ మంచం పట్టాడు. కడుపులో పుండు ముదిరిందన్నారు. ఒకరోజు వదిన కోళ్ళకు మేత వెయ్యడానికి వెళ్ళినప్పుడు నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"ఒరే లైల్, నా బూడిద చిటికెడు చిటికెడు తీసి ఐదు తూటాల్లో పెట్టు. మిగతాది చర్చి వెనక పాతిపెట్టుకోండి, మీ సరదా."

"తూటాల్లో ఎందుకన్నా? అసలే నువ్వు అబద్ధాలు చాలా దూరం విసిరిన మనిషివి."

"వెధవ్వేషాలెయ్యకు. మొదటిది ఆర్డిత్ పేల్చాలి."

"వదినా? నువ్వు లేచొచ్చి బతిమాలినా ముట్టుకోదు."

"అది మళ్ళీ రాయైపోతుందిరా. మా పిల్లాడు ఏట్లో పోయినప్పుడు చూశావుగా. రెండేళ్ళు అలాగే ఉండిపోయింది. అప్పుడు నేనున్నాను, గిల్లీ గిచ్చీ లేపాను. ఇప్పుడు ఎవరున్నారు? నా తుపాకి తన్నుకి చచ్చిన ఎద్దు కూడా లేచి తిడుతుంది. దానిచేత పేల్పించు. మాటివ్వు."

మాటిచ్చాను. వారం తిరిగేలోపు పోయాడు.

ఆయన చెప్పినట్టే అయింది. వదిన ఏడవలేదు. కాఫీ పోస్తే తాగేది, పొయ్యకపోతే అడిగేది కాదు. థర్మన్ స్నేహితుడు మెర్విన్ భార్య జోలీన్ చీజు వేసి కాల్చిన బంగాళాదుంపల పళ్ళెం తెస్తే దాన్ని ఒళ్ళో పెట్టుకుని చల్లారేదాకా అలాగే కూర్చుంది. పలకరిస్తే తలూపేది. నెల దాటినా ఆవిడ గొంతు ఎవరమూ వినలేదు.

నేను మాత్రం బాగానే ఉన్నాను. దాణా కొట్టు దగ్గర కూర్చుని థర్మన్ అబద్ధాలు చెబుతుంటే జనం పొట్టలు పట్టుకునేవారు. "లైల్ గట్టి పిండం" అని వాళ్ళలో వాళ్ళు అనుకోవడం నా చెవిన పడింది. నేనూ అదే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం పనిబల్ల ముందు కూర్చుని ఆ ఐదూ చేశాను. గుండ్ల మూతికి గుంట ఉండే అచ్చు నా దగ్గరుంది. గుంటలో చిటికెడు బూడిద వేసి, పైన కొవ్వొత్తి మైనం కరిగించి మూశాను. ఏ మామూలు సీసం గుండైనా ఎలా ఉంటుందో అలాగే ఉన్నాయి. తలెత్తి చూస్తే చీకటి పడబోతోంది. ఆ మధ్యాహ్నం ఎటు పోయిందో తెలియలేదు.

శనివారం పొద్దున్నే పాత కంకర గొయ్యి దగ్గర కలిశాం. ఎదురుగా మట్టి గట్టు ఉంటుంది, గుండ్లు దాంట్లో దిగిపోతాయి. వదిన, నేను, మెర్విన్, జోలీన్, పశువుల డాక్టరు డెల్, తలా ఒక తూటా. నేల గడ్డకట్టి ఉంది. వదినను బండిలోంచి దింపి, చెవులు మూసే డిప్పలు తొడిగి, తుపాకి చేతిలో పెట్టాను. తీసుకుంది. చెబితే తీసుకునే స్థితిలో ఉంది మరి.

"వదినా, రెండు చేతులతో పట్టుకో. గట్టిగా బిగించకు, అది పైకి లేస్తుంది, లేవనివ్వు."

మెర్విన్ ఊరుకోడుగా. "ఆర్డిత్, వెనక్కి పడితే భయపడకు. డెల్ ఉన్నాడు. ఆవుల్నే నిలబెడతాడు."

"నువ్వు తాగి పడ్డప్పుడు నిలబెట్టలేకే మీ ఆవిణ్ణి పిలిపించాను" అన్నాడు డెల్.

వదిన నవ్వలేదు. సుత్తిని వెనక్కి లాగింది, రెండో ప్రయత్నానికి వచ్చింది. గురి చూసిందో లేదో తెలియదు. ఆవిడ మొహం మీదే నా చూపంతా ఉంది. ఇప్పుడు తంతుంది, ఇప్పుడు కదులుతుంది అనుకుంటూ నిలబడ్డాను.

టప్‌మంది.

అంతే. సీసా మూత తీసిన చప్పుడు. తుపాకి కదల్లేదు, గట్టు మీద దుమ్ము లేవలేదు. వదిన చేతులు చాచినట్టే ఉన్నాయి, మొహం మొహంలాగే ఉంది.

"ఇదేంట్రా!" మెర్విన్ ఒక్కంగలో ముందుకొచ్చాడు. "వీడు పోవడం కూడా అబద్ధమేనా? ఇలా తే ఆర్డిత్, రెండోది నాదేగా." ఆవిడ చేతిలోంచి తుపాకి లాక్కుని, గట్టు వైపు తిప్పి, సుత్తి లాగి నిలబెట్టాడు.

నాకప్పుడు తెలిసింది. టోపీ ఒక్కటే పేలింది. తూటాలో మందు లేదు. టోపీకున్న కాస్త బలంతో గుండు తుపాకి గొట్టం దాకా వెళ్ళి అక్కడ ఇరుక్కుంది. దాని వెనక ఇంకో గుండు నిండు మందుతో వచ్చి గుద్దుకుంటే తుపాకి ముక్కలవుతుంది. ముక్కలు వెనక్కే వస్తాయి.

అరిచానో లేదో గుర్తులేదు. సుత్తి కింద చెయ్యి పెట్టాను. మెర్విన్ వేలు నొక్కడం, సుత్తి నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ మీద పడడం ఒకేసారి జరిగాయి. పేలలేదు. సుత్తిని మళ్ళీ లాగి చెయ్యి తీసుకుని, మెల్లిగా దింపి, తుపాకి లాక్కున్నాను.

"గుండు గొట్టంలోనే ఉంది. ఇంకోటి పేల్చుంటే రేపట్నుంచి నువ్వు గడ్డం గీసుకునే పనుండేది కాదు మెర్విన్."

మెర్విన్ పాలిపోయాడు. జోలీన్ వాడి చొక్కా పట్టుకుని, "నీ తొందరకి మంట పెట్టా! వెధవా, ముసలి వెధవా!" అని వీపు మీద బాదుతూనే ఉంది. డెల్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"మందు లేకుండా తూటా ఎలా వచ్చింది? చేసిందెవరు?" అన్నాడు.

"ఇంకెవరు?" అని మొదలుపెట్టాను నేను. "అసలు థర్మన్ ఎక్కణ్ణుంచైనా సరిగ్గా బయల్దేరాడా ఎప్పుడైనా? తన పెళ్ళికి తనే ఆలస్యం. వీపున గుర్రపు జీను మోసుకుంటూ చర్చి గుమ్మంలో ఇరుక్కుపోతే పాస్టరుగారు ఆముదం రాసి లాగారు, లాగితే గుమ్మమే ఊడొచ్చింది, థర్మన్ మెడలో గుమ్మంతోనే వదినకు ఉంగరం తొడిగాడు..."

వాళ్ళకు నవ్వొచ్చింది. చావు తప్పినవాళ్ళకు ఏదైనా నవ్వే. నేను ఇంకా చెబుతూనే ఉన్నాను.

"లైల్."

ఎవరో అనుకున్నాను. వదిన. నెల రోజులు వాడని గొంతు, తుప్పు పట్టిన గొళ్ళెంలా ఉంది.

"లైల్, నీ చెయ్యి."

"ఏమైందొదినా?"

చూసుకున్నాను. సుత్తికుండే ముల్లు కండలోకి దిగిపోయింది. రక్తం వేళ్ళ మీంచి కారి బూటు మీద పడుతోంది. బూటంతా ఎర్రగా ఉంది.

"నొప్పిగా లేదా?"

"లేదు."

"అసలు?"

"అసలు లేదొదినా."

ఆవిడ నా చెయ్యి తీసుకుని, ఆ గాయం పక్కన వేలితో గట్టిగా నొక్కింది. నేను చూస్తూ నిలబడ్డాను. తలెత్తి నా కళ్ళలోకి చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

నాలుక చివర రెండు మూడు అబద్ధాలున్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు.

ఆవిడ మెడకున్న రుమాలు విప్పి నా చేతికి కట్టింది. మిగతావాళ్ళ వైపు తిరిగి, "మీరు ఇళ్ళకెళ్ళండి. రేపు చర్చి అయ్యాక రండి. జోలీన్, ఆ దుంపల్లో ఈసారి ఉప్పు తగ్గించు" అంది.

మా ఇంటికి వచ్చాం. పనిబల్ల దగ్గర తుపాకి చక్రం ఊడదీసి, మూతి లోపలికి కర్రపుల్ల దించి, పుల్ల మీద చిన్న సుత్తితో కొట్టాను. ఒంటి చేత్తో కుదరకపోతే వదిన తుపాకిని గుడ్డలో చుట్టి పట్టుకుంది. నలభై ఏళ్ళు దాని నీడ తొక్కని మనిషి గుండెకానించి పట్టుకుంది. కొడుతుంటే కొడుతుంటే గుండు వెనక్కి జారి బల్ల మీద పడింది. దాని ఒంటి మీద గీతలు పడ్డాయి. మూతి మైనం కాస్త అణిగింది. లోపల మనిషి మాత్రం కదల్లేదు.

మిగిలిన నాలుగు తూటాలూ విప్పాను. ఇంకొకదాంట్లోనూ మందు లేదు. వదిన దాన్ని బోర్లించి బల్ల మీద తట్టింది, ఏమీ రాలలేదు. కుర్చీ మీద పడుకున్న పిల్లిని దింపి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. సొరుగులోంచి టార్చిలైటు తీసింది.

"నువ్వు మందు పొయ్యి. నేను చూస్తా."

ఒకదాంట్లో పోశాను. ఆవిడ లైటు వేసి లోపలికి చూసింది.

"ఉంది."

గుండు కూర్చోబెట్టాను. రెండోది.

"ఉంది."

మూడోది. గుండు తీసి పెట్టబోతున్నాను.

"ఆగు. లేదు."

"పోశానొదినా."

"పొయ్యలేదు. కొలత నీ చేతిలోనే ఉంది, చూసుకో."

చూసుకున్నాను. కొలిచిన మందు నిండుగా చేతిలో ఉంది. దాన్ని ఎంతసేపు అలా పట్టుకుని కూర్చున్నానో ఆవిడకే తెలియాలి. పోశాను.

"ఇప్పుడుంది" అంది.

ఆదివారం మళ్ళీ అందరం గొయ్యి దగ్గరకు వెళ్ళాం. మెర్విన్ రెండడుగులు కాదు, ఇరవై అడుగులు వెనక నిలబడ్డాడు. వదిన సుత్తిని ఒకే ప్రయత్నంలో లాగింది. ఈసారి కొండలు తిరిగి అరిచాయి. తుపాకి ఆవిడ నెత్తి దాకా లేచింది, గట్టు మీద బండెడు మట్టి ఎగిరింది. వదిన దాన్ని జాగ్రత్తగా నా చేతికిచ్చి, అరచెయ్యి చంకలో పెట్టుకుని వంగిపోయింది.

"నొప్పి... అబ్బా! దరిద్రుడా, ఇదా నువ్వు రోజూ చేసొచ్చింది! ఇది చేసొచ్చి అన్నం అడిగేవాడివా! నీ చేతులు పడిపోనూ!" అని గట్టును తిట్టడం మొదలుపెట్టింది. తిట్టి తిట్టి బండి వెనక రేకు మీద కూలబడి ఏడ్చింది. జోలీన్ పక్కన కూర్చుంది. మెర్విన్ టోపీ తీశాడు. థర్మన్‌కిచ్చిన మాట చెల్లింది.

తరవాత వంతు నాది. కట్టుకట్టిన చేత్తోనే పేల్చాను. దుమ్ము లేచింది, డెల్ బాగుందన్నాడు. ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు చూసుకున్నాను. చేతికి ఏమీ తెలియలేదు. చేతి నుంచి పైకి, గుండెలో కూడా ఏమీ తెలియలేదు.

"ఎలా ఉందిరా?" అని దగ్గరికొచ్చాడు మెర్విన్, ఏదైనా కథ చెబుతానని.

"వాణ్ణేం అడక్కు మెర్విన్" అంది వదిన కళ్ళు తుడుచుకుంటూ. "లైల్, రేపు పొద్దున నేనే వస్తా. ఖాళీ గొట్టాలు చాలా ఉన్నాయిగా నీ దగ్గర?"

"ఉన్నాయి. పేల్చేవాళ్ళెవరొదినా ఇంక?"

"అదంతా తరవాత. చేద్దాం."

మర్నాడు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. మంచు పడ్డాక కూడా బూట్లు దులుపుకుంటూ వస్తోంది. నేను పోస్తున్నాను, ఆవిడ లైటు వేసి చూస్తోంది. గొట్టంలో మందు ఎక్కువసార్లు ఉంటోంది.